డిసెంబరులో మూడు రోజులు: అరకు, లంబసింగి, వంజంగి అన్నీ కుదురుతాయా?

ఓరుగల్లు కోడలు:

నమస్తే అండీ. మాది హన్మకొండ. డిసెంబరు రెండో వారంలో అరకు వైపు వెళ్దామని అనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. చదును నేల మీద బాగానే నడుస్తుంది, మెట్లంటేనే కష్టం. వైజాగ్ చేరాక మా చేతిలో ఉండేది మూడు పగళ్లు, రెండు రాత్రులు.

వీడియోలు చూసిన కొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకరు లంబసింగిలో మంచు పడుతుందంటారు. ఇంకొకరు వంజంగిలో మేఘాల సముద్రం చూడకపోతే వెళ్లడమే దండగ అంటారు. బొర్రా గుహలు, చాపరాయి, కటికి, డుడుమ జలపాతాలు... మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, టైమ్ చూస్తే గంటలు గంటలు చూపిస్తోంది. మా చిన్నోడు మంచు ముద్దలు విసురుకోవాలని ఇప్పటికే గ్లౌజులు కొనిపించుకున్నాడు.

మూడూ చుట్టి రావచ్చా? ఒకటి వదిలేయాలంటే ఏది వదిలేయాలి? రైలు మంచిదా, కారు మంచిదా? అక్కడి వాళ్లు, బాగా తెలిసిన వాళ్లు చెప్పగలరు.

మన్యం మాస్టారు:

అమ్మా, నేను హుకుంపేట, పెదబయలు మండలాల బళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను. ఉద్యోగం దాదాపు అంతా కొండ మీదే. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు లంబసింగిని ఈసారికి వదిలెయ్. అది బాగోదని కాదు, నాకు చాలా ఇష్టమైన చోటు. కానీ అది మీరు వెళ్లే దారిలో లేదు. అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్ల వరకు ఉంటుంది. పాడేరు నుంచి చింతపల్లి మీదుగా లంబసింగికి ఇంకో రెండు గంటల పైనే. అదంతా కొండదారి, మలుపులు. పెద్దావిడతో, పిల్లలతో ఆ ప్రయాణమే ఒక పూట తినేస్తుంది. లంబసింగికి అసలు దారి నర్సీపట్నం మీదుగా. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. వరంగల్ నుంచి వచ్చేవాళ్లు వైజాగ్ దాకా రాకుండా తుని దగ్గరో, నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లోనో దిగి అటునుంచి అటే వెళ్లొచ్చు. దానికి వేరే ఒక వారాంతం పెట్టుకోండి.

మంచు సంగతి. బాబుకి ఇప్పుడే చెప్పెయ్, అక్కడికి వెళ్లాక బెంగ పెట్టుకోకుండా. లంబసింగిలో హిమాలయాల్లోలాగా ఆకాశం నుంచి మంచు కురవదు. అక్కడ ఉండేది దట్టమైన పొగమంచు. గట్టి చలి పడ్డ కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది, ఎండ తగలగానే పోతుంది. గ్లౌజులు మాత్రం వృథా కావు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. డిసెంబరు, జనవరి నెలల్లో మా రాష్ట్రంలో అందరికంటే ముందు వణికేది వాళ్లే. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని చెప్పుకుంటారు.

ఇంక మేఘాలు. ఇది పిల్లలకి పాఠంగా చెప్పేవాణ్ని, నీకూ చెప్తాను, ఎందుకంటే దీన్నిబట్టే ఏ రోజు కొండెక్కాలో తెలుస్తుంది. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని తొందరగా పోగొట్టుకుంటుంది. నేలనంటి ఉన్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, వాలు వెంబడి జారి లోయ అడుగున చేరుతుంది. అందులోని తేమే పొగమంచు అవుతుంది. పైన గాలి దానికంటే వెచ్చగా ఉంటుంది గనుక ఆ పొగమంచు పైకి లేవలేక అక్కడే పరుచుకుని ఉండిపోతుంది. మనం దానికంటే ఎత్తులో నిలబడితే కాళ్ల కింద తెల్లటి సముద్రం, అందులోంచి ద్వీపాల్లా కొండకొమ్ములు. పాడేరు దగ్గర వంజంగిలో బోనంగమ్మ కొండ మీద చూసేది ఇదే. అందుకే గాలి వీచే రాత్రి, మబ్బు పట్టిన రాత్రి ఏమీ కుదరదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్తల్లో వింటే ఆ రెండు రోజులూ వంజంగి మీద ఆశ పెట్టుకోవద్దు.

వంజంగికి బండి కింద వరకే. ఆ తర్వాత చీకట్లో, రాళ్ల దారిలో ఎక్కాలి. అత్తగారికి అది వద్దమ్మా. అరకు దగ్గర మాడగడ అని ఇంకో చోటుంది, అక్కడ నడక తక్కువ. పొగమంచు, సూర్యోదయం అక్కడా బాగుంటాయి. నన్నడిగితే మీ ఇంటిల్లిపాదికీ మాడగడే సరైనది. వంజంగికి వెళ్లాలని మరీ మనసుంటే మీ ఆయన, పాప వెళ్లి వస్తారు, మీరు పాడేరు లాడ్జిలో ఉండొచ్చు.

చాలామంది "అరకు చూశాం" అంటారు, నాలుగు చోట్ల ఫొటోలు దిగి. అరకు ఒక పాయింట్ కాదు. అదొక పెద్ద ఎత్తైన నేల. మెట్లెక్కి మిద్దె మీదకి చేరినట్టు మైదానం నుంచి ఒక్కసారిగా పైకి వెళ్తాం. శృంగవరపుకోట దాటగానే ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి, గాలికొండ దాకా ఎక్కి, మళ్లీ కొంచెం దిగితే అరకు లోయ. లోయ అన్నమాటే గానీ అది కూడా 900 మీటర్ల ఎత్తున ఉంది. పక్కన గాలికొండ 1600 మీటర్లు దాటుతుంది. పాడేరు వైపున్న అర్మకొండ 1680 మీటర్లు, తూర్పు కనుమల్లోని బాగా ఎత్తైన శిఖరాల్లో అదొకటి.

ఈ నేల మీద పడ్డ వాన ఎటు పోతుందో చూడు, నాకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరేది కాదు. బొర్రా వైపు పడ్డ నీళ్లు గోస్తనిగా తాటిపూడి రిజర్వాయర్‌లోకి దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. దూరం తక్కువ, తొందరగా ఇల్లు చేరతాయి. పాడేరు, హుకుంపేట వైపు పడ్డ నీళ్లు సముద్రం వైపు చూడనే చూడవు. మత్స్యగెడ్డలో కలిసి ఉత్తరానికి పోతాయి. అదే మాచ్‌ఖండ్ నది. జోలాపుట్టు రిజర్వాయర్ దాటి, ఒడిశా సరిహద్దులో డుడుమ దగ్గర కిందికి దూకి, వెనక్కి దక్షిణానికి తిరిగి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో. ఒకే రోజు, ఒకే మబ్బు నుంచి కురిసిన రెండు చినుకుల్లో ఒకటి భీమిలిలో, ఇంకొకటి గోదావరి మీదుగా అంతర్వేది వైపో, యానాం వైపో తేలుతుంది. మా బళ్లో పిల్లలు తమ ఊరి గెడ్డ పేరు చెప్పి "ఇది గోదారికెళ్తాది మాస్టారూ" అని గర్వంగా అనేవారు. మీ పాప ఏడో తరగతి కదా, అట్లాస్ ఒకటి బ్యాగులో పెట్టుకోమను.

నా లెక్క ప్రకారం మీ మూడు రోజులు: మొదటిరోజు పొద్దున రైల్లో బొర్రా, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని సాయంత్రానికి అరకు. రెండోరోజు తెల్లవారుజామున మాడగడ, ఆ తర్వాత తీరిగ్గా గిరిజన మ్యూజియం, చాపరాయి, దారిలో వలిసె (పసుపు పూల నూనెగింజల పంట) చేలు, కాఫీ తోటలు. మధ్యాహ్నం దాటాక బయల్దేరి రాత్రికి పాడేరు. మూడోరోజు వంజంగికి వెళ్లేవాళ్లు వెళ్లొస్తారు, మోదకొండమ్మ గుడి చూసుకుని పాడేరు ఘాట్‌లో మాడుగుల వైపు దిగిపోండి. ఎక్కిన దారి ఒకటి, దిగే దారి ఒకటి అవుతుంది.

కొత్తవలస జంక్షన్:

రైలు గురించి నేను చెప్తాను. మా నాన్నగారు ఆ లైన్‌లోనే పనిచేశారు, సెలవులన్నీ ఆ స్టేషన్లలోనే గడిచాయి.

కిరండూల్ ప్యాసింజర్ వైజాగ్‌లో పొద్దున్నే బయల్దేరుతుంది. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ చేసేటప్పుడు చూసుకోండి. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, అద్దాల కప్పు ఉండే విస్టాడోమ్ కోచ్‌కి డిసెంబరులో గిరాకీ చాలా ఎక్కువ, బుకింగ్ తెరిచిన రోజే చేయాలి. దొరక్కపోతే బాధపడకండి. మామూలు రిజర్వేషన్ పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, అద్దం అడ్డం ఉండదు, చల్లగాలి మొహానికి తగులుతుంది. నేనైతే అదే ఎంచుకుంటాను.

ఈ లైన్ వేసింది టూరిస్టుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి, అక్కడి నుంచి జపాన్‌కి చేర్చడానికి 1960ల్లో వేశారు. మొత్తం లైన్ మీద 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. బొడ్డవర దాటాక అసలు ఎక్కుడు మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. పిల్లలకి ఈ పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చి స్టేషన్ వచ్చినప్పుడల్లా టిక్ పెట్టమనండి, దారంతా కిటికీ వదలరు. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు చూడమనండి, 996 మీటర్ల పైన ఉంటుంది. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం దానికి పేరు.

ఎదురుగా ఖనిజం బండి వస్తే గమనించండి. నిండు లోడుతో కిందికి దిగే ఆ బండి ఒక్కో గజం బ్రేకు మీదే దిగుతుంది. చక్రాల రాపిడి వాసన మన పెట్టెలోకి కూడా వస్తుంది. ఎక్కడం కంటే దిగడమే కష్టమని మా నాన్న ఎప్పుడూ అనేవారు.

బొర్రాలో దిగితే గుహలు దగ్గరే. ఒక సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి. గుహలో నిలబడి పైకి చూస్తే కప్పు కనిపిస్తుంది కదా, ఆ కప్పు పైనున్న నేల మీదుగానే రైలు పట్టాలు వెళ్తాయి. వాళ్లు వచ్చిన రైలు వాళ్ల నెత్తి మీదుగా వెళ్లిందన్నమాట.

అత్తమ్మగారి విషయానికొస్తే గుహలోపల మెట్లు బాగా ఉన్నాయి, తడిగా కూడా ఉంటాయి. ముఖద్వారం దగ్గర పెద్ద హాలు లాంటి భాగం చూసి ఆవిడ వెనక్కి రావచ్చు. అదే చాలా విశాలంగా ఉంటుంది. సున్నపురాయిని నీళ్లు కరిగించి, ఆ కరిగిన సున్నమే చుక్కచుక్కగా కారి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పేరుకున్న ఆకారాలు. లోపల శివలింగం దగ్గరికి మాత్రం మెట్లు ఎక్కాలి.

కాఫీతోట పాడేరు:

మాస్టారు చెప్పినవన్నీ కరెక్టు. నేను పాడేరు పక్క ఊరివాణ్ని, మాకు కాఫీ, మిరియం ఉన్నాయి. మీరు వచ్చే టైమ్‌కి కాఫీ పండు ఏరుతుంటారు, కాబట్టి అది తప్పక చూడండి.

రోడ్డు పక్కన సన్నగా, నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు కనిపిస్తాయి. వాటిని అల్లుకున్న తీగ మిరియం. కింద నీడలో నడుమెత్తు మొక్కలు కాఫీ. డిసెంబరులో కొమ్మ పొడవునా గుత్తులు గుత్తులుగా కాయలుంటాయి. ఒకే గుత్తిలో పచ్చవీ, పసుపువీ, ఎర్రవీ. ఏరేవాళ్లు ఎర్రగా పండినవి మాత్రమే రెండు వేళ్లతో మెలిపెట్టి తెంపుతారు, పచ్చివి వదిలేస్తారు. అంటే అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. పచ్చివి కలిస్తే కాఫీ రుచి పోతుంది, రేటూ పోతుంది. పండుని పళ్లతో నొక్కితే పైతోలు తియ్యగా ఉంటుంది, లోపల జిగురులో రెండు గింజలు. తోటవాళ్లని అడిగితే ఒకటి ఇస్తారు. అడక్కుండా మాత్రం తోటలో దిగొద్దు, కొమ్మలు విరిచి ఫొటోలు తీసుకోవద్దు. అది ఆ ఇంటి సంవత్సరం సంపాదన. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనండి.

వలిసె పూలు డిసెంబరు రెండో వారానికి చివరికొచ్చేస్తాయి. కొన్ని చేలల్లో ఇంకా ఉంటాయి. కొండవాలంతా పసుపు రంగు. వాటితో ఫొటోలు దిగడానికి రైతులు కొంచెం డబ్బు అడుగుతారు. ఇచ్చేయండి, ప్లీజ్. ఆ గింజలే వాళ్ల నూనె, వాళ్ల పంట. తొక్కేసిన వరసలు ఎలా ఉంటాయో మీరు వెళ్లిపోయాక మేం చూస్తాం.

వంజంగి కొండ మీద చలిమంటలు, ప్లాస్టిక్ సీసాలు, డీజే బాక్సులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీలాంటి ఫ్యామిలీలు అలా చేయరని తెలుసు. కానీ మీ వెంట తెచ్చిన ప్యాకెట్లు మీ బ్యాగులోనే కిందికి తీసుకుపోండి. ఇక్కడ చెత్త ఎత్తడానికి మునిసిపాలిటీ బండి కొండెక్కి రాదు.

తిండి: బొంగు చికెన్ తింటారు కదా, పచ్చి వెదురు బొంగులో కాలుస్తున్న చోట తినండి. నూనె వెయ్యరు, బొంగులోని తడితోనే ఉడుకుతుంది. పెద్దావిడకి కారం పడకపోతే ముందే చెప్పండి. చోడి (రాగి) అంబలి దొరికితే పొద్దున్నే అది తాగించండి.

ఓరుగల్లు కోడలు:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. లంబసింగి తీసేశాం. మా ఆయన రైలు టికెట్ల మీద పడ్డారు. అత్తమ్మ మీ పోస్టులన్నీ చదివించుకుని "గుహ బయట కూర్చోనీకి నేనెందుకు, హాలు దాకైతే వస్త" అంటోంది.

ఇంకో రెండు సందేహాలు. ఊరి పేర్లు చూస్తుంటే ఒకటి గుడ, ఒకటి పుట్టు, ఒకటి వలస, ఒకటి మెట్ట. డ్రైవర్ చెప్పినా గుర్తుపెట్టుకోలేనేమో అని భయంగా ఉంది. వీటికి ఏమైనా పద్ధతి ఉందా మాస్టారూ? రెండోది, పాప డుడుమ జలపాతం ఫొటో చూసి అక్కడికే పోదాం అంటోంది.

నర్సీపట్నం వాస్తవ్యుడు:

మాస్టారు జవాబిచ్చేలోపు మా వైపు గురించి ఒక మాట. లంబసింగికి వేరేగా వచ్చినప్పుడు మంచు చూసి వెళ్లిపోకండి. మీరు ఎక్కే ఆ నర్సీపట్నం, చింతపల్లి దారి కథ పిల్లలకి చెప్పండి. ఆ కొండల్లో రోడ్లు వేయించడానికి గిరిజనుల చేత కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించారు. అడవి చట్టాలతో పోడు కూడా ఆపేశారు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం నిలబడటానికి ఇవి పెద్ద కారణాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, ఆ మర్నాడు కృష్ణదేవిపేట, ఆపై రోజు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకెళ్లారు. ఆ ఘాట్లో బండి మీద వెళ్తేనే మనకి ఆయాసం వస్తుంది, వాళ్లు అడవిలో నడిచి వెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నర్సీపట్నం నుంచి అక్కడికి వెళ్లి, లంబసింగి, తాజంగి రిజర్వాయర్, చింతపల్లి చూసుకుంటే రెండు రోజులు హాయిగా సరిపోతాయి. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకి ఆయన పేరు పెట్టారు కదా, ఆ పేరు ఎందుకు పెట్టారో ఈ దారిలో తిరిగితే పిల్లలకి ఒంటపడుతుంది.

మన్యం మాస్టారు:

అమ్మా, పేర్లకి భయపడకు. మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే వాగు, మెట్ట అంటే గుట్ట, బయలు అంటే చెట్లు లేని చదును నేల. మత్స్యగెడ్డ, సుంకరమెట్ట, పెదబయలు. ఈ మూడూ వింటే చాలు, అక్కడ ఏముందో సగం తెలిసిపోతుంది. పుట్టు అని వచ్చేవి ముంచింగిపుట్టు దగ్గర మొదలై సరిహద్దు దాటి జోలాపుట్టు, దార్లిపుట్టు, కొరాపుట్టు దాకా పోతాయి. ఆ వైపు ఊళ్లలో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా కూడా ఇంటి భాష. మా బళ్లో పిల్లలు నాతో తెలుగు, పక్కవాడితో ఒడియా, సంతలో రెండూ. రాష్ట్రాల గీత మ్యాప్‌లో ఉంది గానీ వాళ్ల చుట్టరికాల్లో లేదు.

ఒక్క ముఖ్యమైన జాగ్రత్త. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉంటాయి. కొత్తపల్లి, కొత్తవలస లాంటివైతే లెక్కేలేదు. కొత్తపల్లి జలపాతం అంటే జి.మాడుగుల మండలంలోది. మ్యాప్‌లో పేరు కొట్టేటప్పుడు పక్కన మండలం పేరు కూడా కొట్టు. మాడుగులకి కూడా ఇదే చిక్కు. వి.మాడుగుల ఘాట్ కింద మైదానంలో, జి.మాడుగుల కొండ మీద. మూడోరోజు మీరు దిగేది వి.మాడుగుల వైపు. డ్రైవర్‌కి ఆ అక్షరంతో సహా చెప్పు.

సంత కుదిరితే వదలొద్దు. ఏ రోజు ఎక్కడ సంతో లాడ్జిలో అడుగు. పసుపు కొమ్ములు, రాజ్మా, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు. తెల్లారకముందే దూరపు ఊళ్ల నుంచి నెత్తిన మూట పెట్టుకుని నడిచొచ్చిన ఆడవాళ్లు నేల మీద గుడ్డ పరిచి కూర్చుంటారు. వాళ్ల దగ్గర గీసిగీసి బేరం ఆడొద్దని నా మనవి. మీ అత్తగారికి సంత బాగా నచ్చుతుంది, మెట్లు ఉండవు.

డుడుమ ఈసారికి వద్దు. ముంచింగిపుట్టు దాటి సరిహద్దు దాకా వెళ్లాలి, వెళ్లిరావడానికి అరకు నుంచి ఒక రోజంతా పడుతుంది. పైగా మాచ్‌ఖండ్ నీళ్లని 1955 నుంచి కరెంటు కోసం మళ్లిస్తున్నారు కాబట్టి డిసెంబరులో జలపాతం పాప ఫొటోలో చూసినంత ఉండదు. వానలు వెనకబట్టాక, అక్టోబరులో రండి. అప్పుడు వలిసె కూడా నిండుగా ఉంటుంది. ఈసారికి చాపరాయిలో నీళ్లాడించు, కానీ పాచి పట్టిన రాతి మీద పిల్లల్ని పరిగెత్తనివ్వకు. ఆ బండ పైకి నున్నగా, ఏమీ కానట్టు కనిపిస్తుంది, జారిందంటే కింది గుంటల దాకా ఆగదు. ప్రతి ఏటా అక్కడ ప్రమాదాలు వింటూనే ఉంటాం.

పాడేరులో పెట్రోలు పోయించుకుని మూడోరోజు మధ్యాహ్నం మూడింటికల్లా ఘాట్ దిగడం మొదలుపెట్టండి. డ్రైవర్ మైదానం వాడైతే న్యూట్రల్‌లో వదలకుండా రెండో గేరులోనే దింపమని చెప్పండి. దారిలో ఫోన్ సిగ్నల్ పోతుంటుంది, ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. రైలు టికెట్లు ఏ తేదీకి దొరికాయో ఇక్కడ రాస్తే ఆ వారం సంత ఏ ఊళ్లో ఉందో కనుక్కుని చెప్తాను.